ఆ నాలుగు మిల్లీమీటర్లు

నా ఫైల్లో మొట్టమొదటి కాగితం 2019 మార్చి నాటి ఎకో రిపోర్టు, అంటే గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్‌ది. హెర్నియా ఆపరేషన్‌కి ముందు చేయించే పరీక్షల్లో భాగంగా తీశారు. అప్పటికి నాకు 46 ఏళ్లు. ఛాతీలో నొప్పి లేదు, ఆయాసం లేదు. బీపీ కాస్త ఎక్కువుందని రెండేళ్ల ముందు ఒకసారి చెబితే విని ఊరుకున్నాను. ఎకో తీస్తున్న అమ్మాయి మొదట గబగబా పని చేసుకుపోయింది. మధ్యలో ఒకచోట ఆగింది. ప్రోబ్‌ని పక్కటెముకల మధ్య ఇంకాస్త పైకి జరిపి నొక్కి పట్టుకుంది. తెర మీద రెండు చుక్కలు పెట్టి మధ్యలో గీత లాగింది. చెరిపేసి మళ్లీ లాగింది. మూడోసారి కూడా అదే పని. "ఒక్క నిమిషం అలాగే పడుకోండి సార్, డాక్టరు గారిని పిలుచుకొస్తాను" అంటూ లేచింది. అప్పుడే నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

రిపోర్టులో రెండు సంగతులున్నాయి. గుండెలోంచి రక్తం బయటికి వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వుకి మూడు రేకులుండాలి, నాకు రెండే ఉన్నాయి. నూటికి ఒకరిద్దరికి పుట్టుకతోనే ఇలా ఉంటుందట. ఇక రెండోది, ఆ వాల్వుకి పైన బృహద్ధమని 4.2 సెంటీమీటర్లకు ఉబ్బింది. బృహద్ధమని అంటే గుండె ఎడమ గది దగ్గర మొదలై పైకి లేచి, చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముక పక్కనుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం. ఒంటికంతటికీ రక్తం అందేది దాన్నుంచే. నాకు ఉబ్బింది పైకి లేచే భాగంలో. అక్కడ మూడు, మూడున్నర సెంటీమీటర్లుంటే మామూలు. కడుపులో అయితే నాళమే రెండు సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది, మూడు దాటితేనే అన్యూరిజం, అంటే జబ్బుగా లెక్కించే ఉబ్బు, అంటారు. పొగ తాగే మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఆ కడుపులో రకం. నాది వాల్వుతో వచ్చిన రకం.

రెండు వారాల తర్వాత సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనబడేలా డై మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, తీశారు. అందులో 4.4 వచ్చింది. నేను కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెండు వారాల్లో రెండు మిల్లీమీటర్లు పెరిగితే ఏడాదికి ఎంత? డాక్టరు గారు చేత్తో కూర్చోమని సైగ చేసి, "పెరగలేదండీ. ఎకో వేరు, సీటీ వేరు. ఒకదాని కొలత పక్కన ఇంకోదాని కొలత పెట్టి లెక్క వెయ్యకండి" అన్నారు. ఆ మాట ఆరోజు చెవిలో పడింది గానీ మనసుకెక్కలేదు. అది ఎక్కడానికి ఇంకో నాలుగేళ్లు, నిద్రలేని తొమ్మిది రాత్రులు పట్టాయి. ఆ సంగతికి వస్తాను.

ఇది ఎందుకు ప్రమాదమో ఆయన బుడగతో చెప్పారు. బుడగని మొదట ఊదడానికి బుగ్గలు నొప్పెడతాయి. కొంచెం ఉబ్బాక అదే గాలికి ఇట్టే సాగిపోతుంది. రక్తనాళం కూడా అంతే, వెడల్పయ్యేకొద్దీ అదే బీపీ దాని గోడని ఇంకా గట్టిగా లాగుతుంది. లాగీ లాగీ గోడ లోపలి పొర చిరిగితే రక్తం ఆ చిరుగులో దూరి పొరల మధ్య దారి చేసుకుంటూ పోతుంది. దాన్నే డిసెక్షన్ అంటారు. గుండెకి దగ్గరి భాగంలో అది జరిగి, ఆపరేషన్ అందకపోతే, మొదటి రెండు రోజుల్లో గంటగంటకీ నూటికి ఒకరిద్దరు చొప్పున చనిపోతారని చెబుతారు. అంతవరకు రాకముందే ఆపరేషన్ చెయ్యాలి. అలాగని ఛాతీ తెరిచి గుండెని ఆపి చేసే ఆపరేషన్‌లోనూ ప్రమాదం ఉంది కాబట్టి తొందరపడీ చెయ్యకూడదు. ఆ రెండు ప్రమాదాలనీ తూచి చూసి మామూలుగా 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆపరేషన్ అంటారు. అనుభవమున్న సర్జన్లున్న చోట 5 దగ్గరే ఆలోచిస్తారు. మార్ఫాన్ లాంటి జన్యు సమస్య ఉంటే ఇంకా ముందే. నేను 4.4. అంటే నా పని చూసుకుంటూ ఉండడం.

"చూసుకుంటూ ఉందాం" అన్న మాట చెప్పినంత తేలిక కాదు. జబ్బు ఉందన్నారు, మందుతో తగ్గదన్నారు, ఇప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదన్నారు. మొదటి మూడు నెలలు రాత్రిళ్లు ఎడమవైపు తిరిగి పడుకోవడం మానేశాను, దిండులోంచి గుండె చప్పుడు వినబడుతుందని. వీపులో చిన్న పట్టు పట్టినా లేచి కూర్చునేవాణ్ని. మా ఆవిడ కూడా లేచేది. "ఏవండీ, నొప్పా?" అని అడగడానికి భయపడి దీపం వేసి నా ముఖంలోకి చూసేది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

హెర్నియా సంగతి, బీపీ అదుపులోకి వచ్చాక, మత్తు డాక్టరుకి అంతా ముందే చెప్పి చేయించుకుంటే ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది.

మందులు రెండు. మెటోప్రొలాల్ గుండె కొట్టుకునే వేగాన్ని, తోపుని తగ్గిస్తుంది. లోసార్టాన్ బీపీకి. మెటోప్రొలాల్ మొదలుపెట్టిన నెలంతా మెట్లెక్కుతుంటే కాళ్లకి బరువులు కట్టినట్టుండేది. మానేద్దామనిపించింది. డాక్టరు గారికి చెబితే మోతాదు తగ్గించి, వారాలమీద మెల్లగా పెంచారు. అలవాటైపోయింది. ఈ మందు మాత్రం ఎవరూ సొంతంగా ఒక్కసారిగా ఆపెయ్యకూడదు, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతాయి. అసలు మనకు రాకూడనిదే అది.

బీపీ 130/80 లోపు ఉండాలన్నారు. ఇంట్లో మిషన్ కొన్నాను. మొదటి వారం రోజుకి పదకొండుసార్లు కూడా చూసుకున్నాను. చూసినకొద్దీ పెరిగేది, పెరిగిందని మళ్లీ చూసేవాణ్ని. డాక్టరు గారు నా పుస్తకం తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగి, పెన్ను పెట్టి ఆ అంకెలన్నిటికీ చుట్టూ ఒక గీత గీశారు. "ఇది బీపీ కాదండీ, మీ టెన్షన్. ఇలా చూస్తే నాకు పనికిరాదు" అని పద్ధతి చెప్పారు. కాఫీ, నడక అయ్యాక కనీసం అరగంట ఆగాలి. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద కట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. కొలుస్తున్నప్పుడు మాట్లాడకూడదు. ఆ చివరిదాన్ని నేను చాలా తేలిగ్గా తీసుకున్నాను. ఒకరోజు కొలుస్తూనే ఫోన్లో మాట్లాడితే 146 వచ్చింది, ఫోన్ పెట్టేసి అయిదు నిమిషాలాగి చూస్తే 124.

ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు పొద్దునా సాయంత్రం చూస్తాను, మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు. ఇంట్లో 122 ఉండే బీపీ ఆస్పత్రిలో 145 దాటడం నా విషయంలో మామూలే. ఆ పుస్తకం లేకపోతే నాకు ఎప్పుడో మందులు పెంచేసి ఉండేవారు.

బరువులెత్తే సంగతి మనసుకి ఎక్కువ కష్టం కలిగించింది. నడవొచ్చు, మెల్లగా సైకిలు తొక్కొచ్చు, మాట్లాడుతూ చెయ్యగలిగినంత వ్యాయామం మంచిదే. ఊపిరి బిగబట్టి, పళ్లు బిగించి చేసే పని మాత్రం వద్దన్నారు. ఆ ఒక్క క్షణంలో బీపీ ఎంతో పైకి లేచిపోతుంది. అందుకే మలబద్ధకం రాకుండా చూసుకోమన్నారు, ముక్కకూడదు. దగ్గు పట్టుకుంటే రోజుల తరబడి ఓర్చుకోకుండా చూపించుకోమన్నారు. జలుబుకి దుకాణంలో దొరికే ముక్కు దిబ్బడ మాత్రల్లో కొన్ని బీపీ పెంచుతాయి, అడగకుండా వేసుకోవద్దన్నారు. ఇవన్నీ చెయ్యగలిగాను. కానీ రైలు దిగేటప్పుడు మా అమ్మాయి నా చేతిలోంచి పెట్టె లాక్కున్న రోజు, ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల ఒకవైపుకి వంగి నడుస్తుంటే వెనకాల వట్టి చేతులతో నడిచాను చూడండి, ఆ దూరం చాలా పెద్దదనిపించింది. పెట్టె రెండుగా సర్దుకుంటే సరిపోతుందని తర్వాత తోచింది. ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

మా నాన్న గురించి చెప్పాలి.

రెండో ఏడాది చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారు మా ఇంట్లోవాళ్ల ఆరోగ్యం గురించి మళ్లీ అడిగారు. నాన్న 61వ ఏట గుండెపోటుతో పోయారని మొదటిసారే చెప్పాను, రాసుకున్నారు. ఈసారి ఆయన పెన్ను కింద పెట్టి, "మీ నాన్నగారికి నొప్పి ఎక్కడ మొదలైందో ఎవరికైనా గుర్తుందా?" అని అడిగారు. నాకు తెలీదు. నేను ఆ రోజు ఊళ్లో లేను. ఇంటికొచ్చి అమ్మని అడిగాను. పదిహేనేళ్ల కిందటి సంగతి. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఛాతీలో కాదురా, వీపులో. రెక్కల మధ్య. ఎవరో గుడ్డ చింపినట్టు చింపేస్తున్నారే అన్నారు. కాసేపటికి నొప్పి నడుములోకి దిగిందన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే..." అని ఆగిపోయింది.

అప్పుడు ఎవరూ స్కాన్ తియ్యలేదు, పోస్ట్‌మార్టం చెయ్యలేదు. గుండెపోటని రాశారు. అది గుండెపోటో, చిరిగిన బృహద్ధమనో ఇక ఎప్పటికీ తేలదు. డాక్టరు గారు కూడా తేల్చి చెప్పలేదు. అయితే ఒక్కసారిగా మొదలై, మొదలైన క్షణంలోనే భరించలేనంతగా ఉండి, చింపినట్టుగా వీపులోకి, కిందికి జారే నొప్పిని డిసెక్షన్ అని అనుమానించాలని చెప్పారు. గుండెపోటు అనుకుని రక్తం గడ్డ కరిగించే మందులిస్తే అది ప్రాణాల మీదకి వస్తుంది. అందుకే నా పర్సులో ఒక కాగితం ఉంటుంది. పేరు, వేసుకునే మందులు, ఆఖరి కొలత, ఆ తేదీ, కింద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: "నాకు బృహద్ధమని అన్యూరిజం ఉంది. ఛాతీలో, వీపులో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఒకవైపు చెయ్యి కాలు పడిపోయినా ముందు సీటీ యాంజియో తీయించండి." మా ఆవిడకి, అమ్మాయికి ఆ వాక్యం నోటికి వచ్చు.

అమ్మ మాట విన్న రోజే తమ్ముడికి ఫోన్ చేశాను. ఇలాంటి వాల్వు, ఇలాంటి ఉబ్బు ఉన్నవాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరూ ఒక్కసారైనా ఎకో తీయించుకోవాలి. చెల్లెలు వెంటనే తీయించుకుంది, అంతా మామూలుగా ఉంది. మా అమ్మాయికీ మామూలే. తమ్ముడు మాత్రం, "నాకేం లేదు అన్నయ్యా, రోజూ జిమ్‌లో వంద కిలోలు ఎత్తుతున్నాను" అన్నాడు. ఆ వంద కిలోలే నా భయమని చెప్పలేకపోయాను. చెప్పినా వినే ధోరణిలో లేడు. ప్రతి నెలా ఫోన్లో అడిగేవాణ్ని, ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడు.

స్కాన్ల విషయానికొస్తే, మొదటి ఆరు నెలలకి ఒకటి, ఆ తర్వాత ఏడాదికొకటి. సీటీకి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు, డై మందు కిడ్నీల మీద పడుతుంది కాబట్టి. మోచేతి మడతలో సూది పెట్టి, ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి లోపలికి తోస్తారు. డై ఎక్కగానే గొంతులో వేడి మొదలై, కడుపులోంచి కిందికి దిగుతుంది, పక్క తడిసిపోయిందేమో అనిపిస్తుంది. మొదటిసారి నిజంగానే సిగ్గుపడి నర్సుని పిలిచాను. అందరికీ అలాగే అనిపిస్తుందని ఆమె ముందే చెప్పి ఉంటే బాగుండేది. 2020, 2021, 2022 మూడేళ్లూ 4.4. నాలో భయం మెల్లగా సర్దుకుంది. స్కాన్‌కి ముందు వారం తప్ప మిగతా రోజుల్లో అది గుర్తుకు రాకుండా గడిచిపోవడం మొదలైంది.

2023లో నేను ఎప్పుడూ తీయించుకునే చోట మిషన్ రిపేర్లో ఉంది. ఆగకుండా ఇంకో చోట తీయించాను. రిపోర్టు ఫోన్‌కే వచ్చింది. 4.8.

ఏడాదిలో నాలుగు మిల్లీమీటర్లు. ఏడాదిలో 5 మిల్లీమీటర్లు పెరిగినా, వరసగా రెండేళ్లు ఏడాదికి 3 చొప్పున పెరిగినా, అంకె చిన్నదే అయినా ఆపరేషన్ ఆలోచిస్తారని నాకు తెలుసు. ఇంకో లెక్క కూడా తెలుసు. 2022లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎత్తుని కూడా చూడమన్నారు. పొడగరికి, పొట్టివాడికి ఒకే అంకె ఒకే అర్థం ఇవ్వదు కదా. నాళం అడ్డకోత వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలో కట్టి, మనిషి ఎత్తుతో మీటర్లలో భాగిస్తే 10 దాటకూడదు. ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను. వ్యాసార్ధం 2.4, వర్గం 5.76, పై విలువ 3.14తో గుణిస్తే 18.1. నా ఎత్తు 1.75. భాగిస్తే 10.3. దాటిపోయింది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అంతే వచ్చింది.

డాక్టరు గారు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో బ్యాంకు కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి మా ఆవిడకి చూపించాను. ఆమె తీసుకుని బీరువాలో పెట్టింది, ఒక్క మాట అనలేదు. తర్వాత స్నానాలగదిలో నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది.

డాక్టరు గారు రిపోర్టు చదవనే లేదు. "సీడీ తెచ్చారా?" అన్నారు. తెచ్చాను. "పాతవి?" అవీ తెచ్చాను. ఇన్నేళ్లలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ప్రతి స్కాన్ సీడీ అడిగి తీసుకుని, మీద తేదీ రాసి దాచడం. ఆయన నన్ను పక్క గదిలో రేడియాలజీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ 2022 సీడీ, 2023 సీడీ రెండూ తెర మీద పక్కపక్కన తెరిచారు. నన్ను వెనకాల కుర్చీ లాక్కుని కూర్చోమన్నారు.

"పైపుని నిటారుగా అడ్డంగా కోస్తే గుండ్రంగా కనిపిస్తుంది కదండీ. అదే ఏటవాలుగా కోస్తే?" అని అడిగి, తనే మౌస్‌తో తిప్పి చూపించారు. గుండ్రటి నాళం కోడిగుడ్డులా సాగింది. కొత్త రిపోర్టులో ఆ గుడ్డుకి పొడవు వైపు కొలిచారు. నాళం ఛాతీలో వంకరగా పోతుంది కాబట్టి, అది పోయే దిక్కుకి సరిగ్గా అడ్డంగా కోసి కొలవాలి. పైగా కొత్త స్కాన్ గుండె చప్పుడుతో జత కలపకుండా తీశారు. ఈసీజీతో జత చేస్తే గుండె కదలని క్షణంలో బొమ్మ వస్తుంది, లేకపోతే నాళం అంచు రెండు గీతలుగా కదిలిపోతుంది. నిజంగానే తెర మీద అంచు మసకగా, జంటగా ఉంది. ఆ రెండో గీతని కూడా నాళంలో కలిపేశారు. ఇవి చాలవన్నట్టు, కొందరు గోడ లోపలి అంచునుంచి లోపలి అంచుకి కొలుస్తారు, కొందరు గోడ మందం కూడా కలుపుతారు. అక్కడే రెండు మిల్లీమీటర్లు ఊరికే పోతాయి, వస్తాయి.

ఆవిడ రెండు స్కాన్లనీ ఒకే చోట, ఒకే పద్ధతిలో మళ్లీ కొలిచారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, నాకు బిగబట్టకూడదని తెలిసీ. 2022ది 4.4. 2023ది 4.5.

"ఒకటి రెండు మిల్లీమీటర్లు కొలతలో సహజంగా వచ్చే తేడా. పెరిగిందని నేను రాయను" అన్నారు. అక్కడే ఒక కాగితం మీద నేను 4.5కి వచ్చే వైశాల్యం 15.9ని నా ఎత్తు 1.75తో భాగించాను. 9.1.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మా ఆవిడకి ఫోన్ చేశాను. అంకె చెప్పాను. అటువైపునుంచి చాలాసేపు మాట రాలేదు.

అదే వారం డాక్టరు గారు నన్ను సర్జన్‌ని కూడా కలిసి రమ్మన్నారు, ఇప్పుడు అవసరం లేకపోయినా. అది ఎంతో మంచిదైంది. ఏదో ఒక రోజు ఆపరేషన్ అవసరమైతే ఏం చేస్తారో తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టిందని ఆయన ఎదురుగా కూర్చున్నాక అర్థమైంది. ఆయన సొరుగులోంచి ఒక గొట్టం తీసి నా చేతిలో పెట్టారు. తెల్లటి గుడ్డ, అడ్డంగా సన్నసన్నటి మడతలు. లాగితే సాగి, వదిలితే దగ్గరికి వస్తోంది. బొటనవేలు పట్టేంత వెడల్పు. డాక్రాన్ అన్నారు. ఉబ్బిన ముక్క తీసేసి ఇది కుడతారు. వాల్వు కూడా పాడైతే రెండూ కలిపి మార్చే బెంటాల్ ఆపరేషన్, వాల్వు బాగుంటే దాన్ని ఉంచేసి చేసే డేవిడ్ ఆపరేషన్. 1950లలో అమెరికా సర్జన్ మైకేల్ డిబేకీ ఇలాంటి గొట్టాలని ఇంట్లో కుట్టు మిషన్ మీద కుట్టి చూశారట. అదే డిబేకీకి 97 ఏళ్ల వయసులో, 2005 చివర, బృహద్ధమని చిరిగింది. తాను దారి వేసిన ఆపరేషనే తనకి చేశారు. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు బతికారు. ఐన్‌స్టీన్‌కి కడుపులో ఉబ్బుంటే 1948లో పొట్ట తెరిచి చూసి, చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టారు. అప్పటికి చెయ్యగలిగింది అంతే. 1955లో అది పగిలి ఆయన పోయారు. సీటీ స్కాన్ అనేదే మొదటిసారి వచ్చింది ఆ తర్వాత, 1971లో. ఆ గొట్టాన్ని చేతిలో తిప్పుతూ ఇదంతా విన్నాక ఆ రాత్రి నేను పూర్తిగా నిద్రపోయాను.

అప్పట్నుంచి ఒకే చోట, ఒకే మిషన్ మీద, ఈసీజీతో జత చేసి తీయించుకుంటున్నాను. రేడియేషన్ పోగుపడకుండా మధ్యలో ఒక ఏడాది ఎమ్మారై తీశారు. చప్పుడు ఎక్కువ, సమయం ఎక్కువ, కానీ ఎక్స్‌రే కిరణాలుండవు. చీటీ మీద "పాత స్కాన్‌తో పోల్చి, అదే స్థాయిలో కొలవగలరు" అని రాయించుకుంటాను. రిపోర్టు ఇచ్చేవాళ్లు దీనికి విసుక్కోరు, నా అనుభవంలో సంతోషిస్తారు.

నిరుడు మరొకటి జరిగింది. మూత్రంలో మంటగా ఉందని దగ్గర్లోని డాక్టరు దగ్గరికి వెళితే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. అది, లెవోఫ్లాక్సాసిన్ లాంటి ఆ జాతి మందులు బృహద్ధమని ఉబ్బినవాళ్లకి వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వొద్దని 2018 డిసెంబరులోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నా పర్సులో కాగితం తీసి చూపించాను. ఆయన చదివి, ఏమీ అనుకోకుండా వేరే మందు రాశారు. ఆయనకి నా సంగతి నేను చెబితేనే కదా తెలిసేది. అప్పట్నుంచి ఆ కాగితంలో ఇంకో వాక్యం చేర్చాను.

తమ్ముడు దారికొచ్చింది 2023లోనే. ఆ తొమ్మిది రోజుల్లో మా ఆవిడ వాడికి ఫోన్ చేసిందని నాకు తర్వాత తెలిసింది. ఏం చెప్పిందో ఇద్దరూ చెప్పలేదు. ఎకో తీయించుకున్నాడు. రెండు రేకుల వాల్వు, 4.1. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "నాన్నకి కూడా ఇదే అంటావా అన్నయ్యా?" అన్నాడు. తెలీదురా అన్నాను. అమ్మ లోపల్నుంచి వింటోంది. వాడు జిమ్ మానలేదు గానీ బరువులు తగ్గించి, ఊపిరి వదులుతూ ఎత్తగలిగినంతే ఎత్తుతున్నాడు, వాళ్ల డాక్టరు ఒప్పుకున్న మేరకే. బీపీ మిషన్ కొనిచ్చాను. ఫోన్లో మాట్లాడుతూ చూసుకోవద్దని మరీమరీ చెప్పాను.

పోయిన నెల ఇద్దరం ఒకేరోజు స్కాన్ తీయించుకున్నాం. నాది 4.6, లెక్క కడితే 9.5. ఆరేళ్లలో రెండు మిల్లీమీటర్లు. వాడిది ఎప్పట్లాగే 4.1. సీడీలు చేతికి రావడానికి గంట పట్టింది. వాడి చేతిలో కవరు లేదు, ఫైలు లేదు. నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, సీడీ మీద తన పేరు, తేదీ రాసి, సిరా ఆరేదాకా ఊది, నా ఫైల్లో చివరి అరలో పెట్టాడు.